అత్తయ్య పట్టిన పాలు

అయోవాలో మొక్కజొన్న చేల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇండియాకి మాట్లాడాలంటే ఫోన్ కార్డు గీకాల్సిన రోజులవి. మేమిద్దరం ఆఫీసులకి వెళితే, రెండేళ్ళు నిండని మా పాపని మా అత్తగారు చూసుకునేవారు.

ఆవిడ నమ్మకం ఒక్కటే, పాలు. అన్నం ముద్ద ఉమ్మేసిందా, సీసాతో పాలు. పప్పు వద్దందా, మళ్ళీ పాలు. చిన్నప్పుడు పాలకి మొహం వాచిన మనిషి, మనవరాలికి ఆ లోటు రానిస్తారా! గేలన్ పాలడబ్బా చూస్తేనే ఆవిడ ముఖం వెలిగిపోయేది. పాప బొద్దుగా, తెల్లగా ఉంటే అమెరికా రంగు వచ్చిందని మురిసిపోయాం. పూలకుండీలో మట్టి తింటుంటే చిన్ని కృష్ణుడే అనుకుని ఫొటోలు కూడా తీశాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడు డాక్టర్ రక్తపరీక్ష చేయించింది. పిల్లకి రక్తం బాగా తగ్గిపోయిందనీ, ఇలాగే వదిలేస్తే ఎదుగుదల దెబ్బతింటుందనీ చెప్పింది. మట్టి తినడం కూడా అందుకేనట. పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, కడుపంతా వాటితోనే నిండితే ఇంకేం తింటుంది అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు. ఇంటికెళ్ళి ఈ మాట అత్తగారికి ఎలా చెప్పాలో తెలియలేదు. మా ఆయన నువ్వే చెప్పు అన్నట్టు దారి పొడుగునా చేలు చూస్తూ కూర్చున్నారు.

చెప్పాను. ఇక యుద్ధమే అనుకున్నాను. ఆవిడ చేతిలో ఉన్న పాలసీసా పక్కన పెట్టేశారు. తర్వాత, "ఐరన్ ఎందులో ఉంటుందిట?" అని మాత్రం అడిగారు.

మర్నాటి నుంచి సీసా మాయం. పాలు చిన్న స్టీలు గ్లాసుతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. డాక్టర్ రాసిన ఐరన్ చుక్కలు, నిమ్మకాయ పిండిన పాలకూర పప్పు, చిన్న చిన్న ముద్దలు. పాప ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. ఒకరోజు నేనే కరిగిపోయి ఫ్రిజ్ తలుపు తీయబోతే ఆవిడ అడ్డంగా నిలబడ్డారు.

"ఏడవనీ అమ్మాయ్. ఆకలేస్తే అదే తింటుంది."

అంటున్న ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళే. అత్తగారంటే నాకు గౌరవం మొదలైంది ఆ రోజే. అంతకుముందు ఉన్నది ఉట్టి మర్యాద.

కొన్ని నెలలకి పాప బుగ్గలకి ఎరుపొచ్చింది. మట్టి జోలికి పోవడం మానేసింది. ఈసారి పరీక్షలో రక్తం బాగుందన్నారు.

చుట్టుపక్కల ఊళ్ళలోని తెలుగువాళ్ళం నెలకోసారి కలిసేవాళ్ళం. ఆ నెల మా ఇంట్లో. ఒకమ్మాయి తన బాబు నోట్లో సీసా పెడుతూ, "వీడు రైస్ అసలు టచ్ చేయడాంటీ. థాంక్ గాడ్, పాలైతే ఎన్నైనా తాగుతాడు" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. నలుగురిలో పరువంటే ప్రాణం ఆవిడకి. ఎవరో పిల్లకి ఇలా అయిందట అని చెప్పినా పని జరిగిపోయేది.

"మా పిల్లకి రక్తం తగ్గించింది నేనేనమ్మా," అన్నారు అందరూ వింటుండగా. "కంచే చేను మేసినట్టు. రేపే వీడికి పరీక్ష చేయించు. ఆ సీసా ఇలా ఇవ్వు."

ఆ అమ్మాయి ఇచ్చేసింది. అత్తగారు చేతులు కడుక్కుని వచ్చి పప్పన్నం కలపసాగారు.