వంటక్క చెప్పిన మూడు మాటలు

వంటక్కకు తన మీద తనకున్న నమ్మకం ఇంతా అంతా కాదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి పెద్దగరిటె ఆమెదే. ఉప్పు కోసం చెంచా వెతికేవాళ్లను చూస్తే ఆమెకు నవ్వొస్తుంది. "చెయ్యి ఉండగా చెంచా ఎందుకే?" అంటుంది. అంతటి మనిషికీ ఒక గుట్టుంది. కిందటేడు పట్టుకున్న జ్వరం పోతూ పోతూ ఆమెకు వాసన తెలియకుండా చేసి పోయింది. పువ్వైనా, మాడిన ఉల్లిపాయైనా ఆ ముక్కుకు ఒకటే. ఈ సంగతి ఇంట్లో మొగుడికి తప్ప పురుగుకు కూడా తెలియదని ఆమె ధీమా.

ఇప్పుడు పక్క ఫ్యాక్టరీ క్యాంటీన్‌ను కూడా ఇందులోనే కలిపేశారు. వాళ్ల పెద్ద వంటవాడు మీసాలాయన తన మనుషులతో సహా దిగాడు. ఒక వంటగదికి ఇద్దరు పెద్దలెందుకని, ఈ వారంలోనే ఎవరో ఒకరిని తేలుస్తానన్నాడు కొత్త మేనేజరు. సరిగ్గా అప్పుడే వంటక్క పొయ్యి పక్కన ఉండగానే పాలు మాడిపోయాయి. గదంతా మాడు కంపు కొడుతుంటే ఆవిడ తాపీగా బంగాళాదుంపలు తరుగుతోంది. మీసాలాయన మనుషులు ఊరుకుంటారా? ఆవిడకు వాసన తెలియదని గుసగుసలు మొదలెట్టారు.

మేనేజరుకు ఇవేమీ తెలియవు. అందరూ కలిసిపోవాలని ఒక ఆట పెట్టాడు. మధ్యాహ్నం వడ్డన అయ్యాక అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, "మీ గురించి తలా మూడు మాటలు చెప్పండి. రెండు నిజాలు, ఒక అబద్ధం. అబద్ధమేదో మిగతావాళ్లు పట్టుకోవాలి. ఆఖర్న మీరే తేల్చి చెప్పాలి" అన్నాడు.

మీసాలాయన తన మూడు మాటల్లో బొద్దింకలంటే భయం లేదని ఒకటి కలిపాడు. ఆ మాట అంటూనే బల్ల కిందికి తొంగిచూసి ఇట్టే దొరికిపోయాడు.

పుకారును చంపాలంటే దాన్ని తానే నలుగురిలో పెట్టి నవ్వించాలని వంటక్క ఎత్తు. వంతు రాగానే నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"ఒకటి, ఓసారి నేనొక్కదాన్నే ఆరు వందల మందికి వండాను. రెండు, మా ఆయన నా వంటకి ఈ జన్మలో వంక పెట్టలేదు. మూడు, నాకు వాసన తెలీదు."

అందరూ గొల్లున నవ్వారు. "మూడోదే అబద్ధం! వాసన తెలీకుండా ఇంత వంటా?" అన్నారు. గుసగుసలాడిన వాళ్లు కూడా నాలుక కరుచుకుని చేతులెత్తారు. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. ఇక "అవును, మూడోదే" అంటే చాలు.

ఒక్క చెయ్యి మాత్రం లేవలేదు. అది వసపిట్టది. వంటక్క పక్కనే పనిచేసే రెండో వంటమనిషి. పొద్దస్తమానం వాగుతూనే ఉంటుంది కనుక అందరూ పెట్టిన పేరది.

"నేను రెండోదంటాను. వంక పెట్టని మొగుడు ఎక్కడైనా ఉంటాడా అక్కా?" అంది. మళ్లీ నవ్వులు. వసపిట్ట మాత్రం నవ్వకుండా తలవంచుకుని వేళ్లు చూసుకుంటోంది.

అప్పుడు తట్టింది వంటక్కకు. "అక్కా, ఉల్లి వేగిపోయింది." "అక్కా, అడుగంటేలా ఉంది, మంట తగ్గిస్తున్నా." "అక్కా, ఈ చేపలు బాలేవు, తిప్పి పంపేద్దాం." ఏడాదిగా చెవి దగ్గర వసపిట్టది ఇదే రొద. నోరు మూసుకుని పని చెయ్యవే అని తను ఎన్నిసార్లు కసిరిందో! పాలు మాడిన రోజు వసపిట్ట సెలవులో ఉంది. నోట్లో నువ్వుగింజ నానదని పదిమందీ ఎగతాళి చేసే మనిషి ఇంత గుట్టును ఏడాది పాటు కడుపులో దాచుకుంది. వంటక్కకు సిగ్గేసింది. కళ్లు చెమర్చాయి కూడా.

"మరి తేల్చండి, ఏది అబద్ధం?" అన్నాడు మేనేజరు.

ఒక్క మాటతో గరిటె దక్కుతుంది. కానీ ఆ మాట అంటే వసపిట్ట పడ్డ పాటంతా లేనట్టే అవుతుంది. వంటక్కకు అది మింగుడుపడలేదు.

"వసపిట్టే గెలిచింది" అంది గట్టిగా. "మా ఆయన రోజూ వంక పెడతాడు. నాకు వాసన తెలీకపోవడం నిజం. ఉప్పూ పులుపూ నా నాలుక చూసుకుంటుంది, మిగతాది దీని ముక్కు. ఇక్కడి వంట మా ఇద్దరిదీ. పెట్టుకుంటే మమ్మల్ని కలిపి పెట్టుకోండి, లేదంటే గరిటె ఆయనకిచ్చేయండి."

మీసాలాయన మీసం దువ్వడం ఆపి, "వచ్చినప్పట్నుంచీ మీ కూరలో వంక వెతుకుతున్నానండీ, దొరకలేదు" అని ఒప్పేసుకున్నాడు.

మేనేజరు వసపిట్ట వైపు చెయ్యి చూపించి వంటక్కతో అన్నాడు: "సరే, గరిటె మీ దగ్గరే ఉంచుకోండి. కానీ ఏ గిన్నె దించాలన్నా ఆఖరి మాట ఈవిడదే."

"ఏడాదిగా జరుగుతున్నది అదేనండీ" అంది వంటక్క. "నాకే తెలీలేదు."