దర్జీ రాసిన అబద్ధాలు

మా వీధి మలుపులో ఉన్న దర్జీ చెవిమీద పెన్సిలు, మెడలో టేపు, నోట్లో ఒక అబద్ధం ఎప్పుడూ ఉంటాయి. గుడ్డ కత్తిరించకుండానే "కాజాలొక్కటే మిగిలాయండీ" అంటాడు. అది దర్జీలందరూ అనేదే, పోనీలే అనుకోవచ్చు. ఈయన అన్నం తిని తినలేదంటాడు, గొడుగు చంకలో పెట్టుకుని ఇంట్లో మరిచిపోయానంటాడు. అలా చెప్పేటప్పుడు టేపు కొసను వేలికి చుట్టుకుంటూ ఉంటాడు. విసిగిపోయిన భార్య, ఈ జబ్బు తగ్గకపోతే తన అక్క దగ్గరికి పోతానని చెప్పి, ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. దీనికి మాత్రలు లేవందావిడ. ఆడిన ప్రతి అబద్ధాన్నీ ఆ రోజే పుస్తకంలో రాయాలి, విన్నవాళ్ళకి వెళ్ళి నిజం చెప్పాలి, వారానికోసారి వచ్చి తనతో మాట్లాడాలి. మూడు వారాలు శ్రద్ధగా రాశాడు. నిన్న పొద్దున భార్య మిషను ఆపించి ఆ పుస్తకం తెరిచింది.

"సోమవారం పాలవాడితో జ్వరమని చెప్పానని రాశావు. సోమవారం పాలు పోయించుకున్నది నేను కదయ్యా."

"ఆ రోజు అబద్ధమేమీ ఆడలేదే. ఖాళీ పేజీ చూపిస్తే డాక్టరమ్మ నమ్ముతుందా?"

ఆమె లోపలికెళ్ళి, సంచిలో చీరలు కుక్కుకుని వచ్చింది. జిప్పు లాగితే సగంలో బిగుసుకుపోయింది. అది బాగుచేశానని ఆయన పోయిన వారమే చెప్పాడు. సంచిని మిషను మీదికి విసిరింది.

"ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు" అన్నాడు. టేపు కొస మెల్లగా వేలికి చుట్టుకుంటోంది. ఆమె దాన్ని చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది.