కూతకు వెళ్లిన రూతు

పాకాల దగ్గరి ఆ ఊళ్లో గంగమ్మ జాతరకు కబడ్డీ పోటీలు పెట్టడం పాత ఆచారం. బరి చదును చేసి నీళ్లు చల్లేది, సున్నంతో గీతలు గీసేది దళితవాడ చెంగల్రాయుడు. పని అయ్యాక బయటికొచ్చి, గట్టు మీద తనవాళ్లతో నిలబడి ఆట చూసేవాడు. వయసులో ఉన్నప్పుడు అతనివి లేడి కాళ్లు. అయినా బరిలోకి రమ్మని ఎవరూ పిలవలేదు, వస్తానని అతనూ అడగలేదు. క్రికెట్‌కు పిలిచేవాళ్లు కూడా దీనికి పిలిచేవాళ్లు కారు. అక్కడ మధ్యలో బంతి ఉంటుంది. కబడ్డీలో మనిషిని మనిషి పట్టుకోవాలి.

అతని కూతురు రూతు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆటల టీచరు పంకజాక్షి కంట పడింది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి చర్చికి ఆ పిల్ల నడవగా చూసినవాళ్లు లేరు, ఎప్పుడూ పరుగే. టీచరు జట్టులోకి తీసుకుంది. బడిలో ఆడుకున్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడు జాతరలో మొదటిసారి ఆడపిల్లల పోటీ పెట్టారు. పక్క ఊరి బడి జట్టు వచ్చింది. ఊరంతా చూడడానికి కూర్చుంది.

ఆట మొదలయ్యే ముందు ఊరి పెద్ద మునికృష్ణ టీచరు దగ్గరికి వచ్చాడు.

"పిలకాయలు ఆడుకోనీండి మేడం. ఆ అమ్మిని మాత్రం గమ్మున కూచోబెట్టండి. అమ్మోరి దినం, మాటలెందుకు?"

"రూతు ఆడకుంటే మేమూ ఆడం అన్నా. పోటీ లేదని మీరే మైకులో చెప్పేయండి" అంది పంకజాక్షి.

మైకులో చెప్పడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

గట్టు మీంచి చెంగల్రాయుడు ఇదంతా చూశాడు. కూతుర్ని ఇంటికి పిలుచుకుపోదామని కదిలాడు కూడా. అప్పటికే రూతు గీత దాటేసింది.

కూత సన్నగా, తెగకుండా సాగింది. అవతలి పిల్లలు వెనక్కి వెనక్కి జరిగారు. రూతు ఇద్దర్ని తాకి వచ్చేసింది. మళ్లీ వెళ్లినప్పుడు మూలకు చిక్కింది. పట్టడానికి అంతకంటే మంచి అదను దొరకదు. వాళ్ల కెప్టెన్ కోమలి చేతులు చాచింది, జనంలో కూర్చున్న తన అవ్వ వైపు చూసింది, చేతులు వెనక్కి తీసుకుంది.

పాయింట్ల మీద పాయింట్లు. దళితవాడ కుర్రాళ్లు ఈలలు వేశారు. చెంగల్రాయుడు తల దించుకున్నాడు. తన బిడ్డను ముట్టుకోవడం కంటే ఓడిపోవడమే మేలనుకుంటున్నారని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

సగం ఆట అయ్యాక నీళ్లకు ఆగారు. రూతు తిన్నగా కోమలి దగ్గరికి నడిచింది.

"ఎందుకక్కా పట్టలేదు? మూలకు చిక్కినా కదా."

కోమలి పక్కకు తిరిగి నీళ్లు తాగింది.

"ఇట్ల గెలిస్తే నాకేం సంతోషముండాది? నువ్వు బాగా పడతావని మా మేడం చెప్పింది. సూద్దామనే వచ్చినా."

కోమలి మొహం ఎర్రబడింది. "నేను పడితే లెయ్యలేవు."

"పట్టి సూడు."

ఆ తర్వాత రూతు కూతకు రాగానే కోమలి అవ్వ వైపు చూడలేదు. వంగి, దూకి, చీలమండను రెండు చేతులా బిగించింది. రూతు బోర్లా పడింది. కెప్టెన్ పట్టాక మిగతావాళ్లు ఆగుతారా? ఒకరు నడుము పట్టారు, ఒకరు జబ్బ పట్టారు, ఒకరు ఏకంగా వీపు మీద పడ్డారు. దుమ్ము లేచింది. మైకు మూగబోయింది. ఆ దుమ్ములోంచి కూత మాత్రం వినిపిస్తూనే ఉంది. అందర్నీ ఈడ్చుకుంటూ ఆ పిల్ల జానెడు జానెడు గీత వైపు పాకుతోంది.

చెంగల్రాయుడు గట్టు అంచుకు వచ్చాడు. పుట్టి పెరిగిన ఊళ్లో, అందరి కళ్లెదుట, అన్ని చేతులు తన కూతుర్ని పట్టుకుని ఉన్నాయి. తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. చర్చిలో కూడా ఎప్పుడూ అంత భయభక్తులతో నిలబడలేదు అతను.

గీత వేలెడు దూరం ఉందనగా కూత తెగింది. రూతు ఔట్. చివరికి ఆట కూడా ఆమె జట్టే ఓడిపోయింది.

ఇంటికి పోతూ "ఊపిరాడలేదు నాయనా. అయినా లెయ్యబుద్ధి కాలేదు" అని నవ్వింది. మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి. చెంగల్రాయుడు తువ్వాలుతో ఆ దుమ్ము తుడిచాడు.

కోమలి మీద పసుపు నీళ్లు చల్లాకే అవ్వ గడప దాటనిచ్చిందట. బహుమతులివ్వడానికి మునికృష్ణ రాలేదు. అంతా ఒక్కనాటితో మారిపోలేదు. కానీ చిత్తూరు జిల్లా జట్టుకు ఇద్దర్నీ తీసుకున్నారు. క్యాంపులో పక్కపక్కనే పడుకుని, ఒకే గిన్నెలో తిన్నారు. మరుసటి జాతరకు దళితవాడ మగపిల్లలు కూడా బరిలో దిగారు, ఎవరినీ అడగకుండా.

రూతుకు ఇప్పుడు ఆటల కోటాలో తిరుపతిలో రైల్వే ఉద్యోగం. సెలవుకు వచ్చిందంటే సాయంత్రాలు బడి మైదానంలోనే. ఊళ్లోంచి, వాడలోంచి ఆడపిల్లలు వస్తారు. మొన్న అన్నానికి పిలుద్దామని చెంగల్రాయుడు వెళ్లాడు. హేమశ్రీ అని ఊళ్లో పిల్ల, గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేటట్టుంది, రూతు కాలు పట్టుకుని వేలాడుతోంది.

"ఇంకా గట్టిగా పట్టమ్మి, నేనేమన్నా గాజునా?" అంటోంది రూతు.

వచ్చిన పని మరిచి, చీకటి పడేదాకా అతను అక్కడే నిలబడిపోయాడు.