చాక్లెట్ పోసిన కాగితం

మా ఇంట్లో అన్నం తినమని ఎవరినీ బతిమాలే అలవాటు లేదు. వడ్డించింది తినాలి, పళ్ళెంలో మెతుకు మిగలకూడదు, అంతే. అలాంటి ఇంట్లో పదిహేడేళ్ళ నా మనవరాలికి రక్తం తక్కువైందని కాలేజీలో పరీక్ష చేసిన నర్సమ్మ చీటీ రాసి పంపింది. నేను చదివింది మూడో తరగతే అయినా కూడబలుక్కుని ఆ చీటీ చదివాను. ఆకుకూర, పప్పు, గుడ్డు వేళకు పెట్టాలట. మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష చేస్తారట. అప్పటికీ పెరగకపోతే అమలాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని కింద గీత గీసి మరీ రాసింది.

పెట్టమని నాకు చెప్పాలా? పెరట్లో తోటకూర ఉంది, మునగచెట్టు ఉంది, గంప కింద కోడి ఉంది. కొడుకూ కోడలూ కొబ్బరికాయలు వలిచే పనికి తెల్లారకుండానే పోతారు కాబట్టి ఆ పిల్లకు క్యారేజీ కట్టేది నేనే. కట్టింది కట్టినట్టు కాలువలో చేపలకు పోతోందని తరవాత తెలిసింది. కొత్తపేట బస్సు కోసం వంతెన మీద నిలబడి, మూత తీసి బోర్లిస్తోందట. ఆ చేపలకు రక్తం బాగా పట్టి ఉంటుంది.

నిలదీస్తే తల దించుకుంది.

"క్యారేజీ తెరిస్తే అందరూ నవ్వుతున్నారు మామ్మా."

"తోటకూరలో నవ్వడానికి ఏముందే?"

"వాళ్ళంతా బయట తింటారు. ఫోన్లో వచ్చినవి."

ఆ ఫోన్లో వచ్చినవి నేనూ చూశాను. ఒక రొట్టెను రెండు చేతులతో లాగుతారు. మధ్యలో తెల్లటి జిగురు సాగుతుంది. మా ఇంట్లో కూర అలా సాగితే పాడైందని పారబోస్తాం. దాని మీద ఎర్ర పొడి, ఆ పొడి మీద మళ్ళీ ఏదో రసం. తినేవాడు ఒక్కసారి కొరికి, కళ్ళు మూసుకుని తల ఊపుతాడు. నమలడం చూపించరు, మింగడం చూపించరు. అరనిమిషం తిరక్కుండా ఇంకొకడు వచ్చి కళ్ళు మూసుకుంటాడు. వాళ్ళు కళ్ళు మూసుకోవడం చూసి వీళ్ళకు ఆకలి వేస్తుంది. ఎక్కడెక్కడి చెత్తో తిని, ఇంటికొచ్చి పళ్ళెం ముందు ఆకలి లేదంటారు.

నాకు చేతనైన పని పూతరేకులు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే పొర తేలుతుంది. అదే రేకు. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది, తడి ఎక్కువైతే కరిగిపోతుంది. దానికి నెయ్యి రాసి, బెల్లంపొడి జల్లి మడిచేది మనవరాలు. దాని వేళ్ళు మంచివి. ఆ మాట దాని ఎదురుగా ఎప్పుడూ అనలేదు.

ఒక ఆదివారం మా రేకులు కొనే కొట్టాయన, జుట్టు దువ్వుకోవడానికే సగం రోజు పట్టేటట్టున్న మనిషిని ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"పిన్నిగారండీ, ఈయన ఫోన్లో తిండి వీడియోలు తీస్తారండి. మన కొట్లో చాక్లెట్ పూతరేకు పెడుతున్నాం. దాని అడ్వర్టైజ్‌మెంటు మీ కుండ దగ్గరే తీద్దారని వచ్చేరండి."

"చాక్లెట్టంటే కారేదా?"

"ఆయ్, కారాలండి. కారకపోతే ఎవరు చూస్తారండి."

"కారితే రేకు ఉండదు నాయనా."

"ఒక్క గంటండి పిన్నిగారూ. మీ చెయ్యి ఊరంతా చూస్తారండి."

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో దాచడం దేనికి, ఆ చివరి మాటకే పడ్డాను. తల దువ్వుకుని, పెట్టెలో చీర తీసి కట్టుకుని మరీ కుండ ముందు కూర్చున్నాను.

"బామ్మగారూ, కొంచెం నవ్వండి," అన్నాడు ఆ వచ్చినాయన. మంట ముందు కూర్చుని నవ్వే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

మొదటి రేకు మీద చాక్లెట్ పోయగానే అది కూలబడి ముద్దయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మంచి నెయ్యి రాసిన రేకులు. నాలుగోది నేను ఇవ్వలేదు. అప్పుడాయన సంచిలోంచి తెల్లటి పల్చటి కాగితం తీశాడు. కొత్త చీరల మడతల మధ్య పెడతారే, అలాంటిది.

"పాపా, దీన్ని రేకులాగే మడువు. నీ వేళ్ళు వీడియోలో పడతాయి."

మనవరాలు నా వంక చూసింది. నేను కొట్టాయన వంక చూశాను. కొట్టాయన కుండ వంక చూశాడు.

పిల్ల మడిచింది. నెయ్యి రాసి, అంచులు లోపలికి తోసి, నేను నేర్పినట్టే మడిచింది. పైన చాక్లెట్ పోస్తే మెరుస్తూ జారింది, మడత మాత్రం చెక్కు చెదరలేదు. ఆయన దాన్ని పళ్ళకు ఆనించి, కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఫోను ఆగగానే పెరట్లోకి పోయి ఉమ్మి, మంచినీళ్ళు అడిగాడు. కాగితాన్ని అక్కడే పడేసి పోయారు. నెయ్యి పట్టిన కాగితం పొయ్యి రాజేయడానికి పనికొస్తుందని తీసి, కొబ్బరి డొక్కల పక్కన గూట్లో దోపాను.

వీడియోలో నా మొహం లేదు. మోచేతి దాకా ఒక చెయ్యి ఉంది, అంతే.

వారం తిరక్కుండా మా వీధిలో మోటారు సైకిళ్ళు ఆగడం మొదలైంది.

"మామ్మగారూ, చాక్లెట్ కారేది ఇక్కడే చేస్తారాండి?"

"అది కాగితం బాబూ."

"ఊరుకోండి, ఆయన తిన్నారు కదండీ."

"తినలేదు, ఉమ్మేడు."

"మామ్మగారు భలే జోకులేస్తున్నార్రా," అని ఒకడు నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వుకుంటూ కొట్టు దగ్గరికి పోయారు. అక్కడ చాక్లెట్ పొడి జల్లిన రేకులు పెట్టారు. కారడం లేదని సణుగుతూనే కొని, ఫొటో తీసుకుని, కొరికింది కొరికినట్టు వదిలేసి పోతున్నారని విన్నాను. చేసిన మనిషి ఎదురుగా నిలబడి చెబితే నమ్మరు. ఫోను చెబితే కాగితమైనా నములుతారు. గడ్డీ గాదమూ వాసన చూసి తినే గొడ్డుకున్నపాటి తెలివి వీళ్ళకు లేదు.

వాళ్ళంటే బయటివాళ్ళు, తెలియదు. తెలిసిన పిల్ల నా ఇంట్లోనే ఉంది. నర్సమ్మ పెట్టిన గడువు ఇంక పదిహేను రోజులుందనగా, ఒక మధ్యాహ్నం తోటకూర పులుసూ ఉడికించిన గుడ్డూ వడ్డించి పిలిచాను. అరుగు మీద పడుకున్న మనవరాలు ఆకలి లేదంది. దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, ఫోన్లో అదే వీడియో. దాని వేళ్ళే, అది మడిచిన కాగితమే.

"ఎన్నోసారే ఇది?"

"ఏమో మామ్మా."

"కాగితమని తెలీదా నీకు?"

"తెలుసు. నేనే కదా మడిచేను. అయినా చూస్తుంటే నోరూరుతుంది. ఏం చెయ్యమంటావు," అంది.

మోసపోయినవాళ్ళను తిట్టవచ్చు. మోసం తన చేత్తో మడిచి కూడా గుటకలు మింగుతున్న పిల్లను ఏమనాలి? మొహం చూస్తే పాలిపోయి ఉంది. చీటీ వచ్చిన రోజు కోపమే వచ్చింది. ఆవేళ భయం వేసింది.

గూట్లోంచి ఆ కాగితం తీసుకొచ్చాను. చాక్లెట్ అంతా చీమలు నాకేశాయి. మడత మాత్రం విడలేదు. ఎవడో పళ్ళకు ఆనించిన ఎంగిలిది కాబట్టి అన్నం పళ్ళెం దగ్గర పెట్టకుండా వేరే ఆకు ముక్క మీద పెట్టి, మనవరాలి ముందుకు తోశాను.

"నోరూరుతుందన్నావుగా. తిను."

పిల్ల లేచి కూర్చుంది. చాలాసేపు చూసింది. వేలితో అంచు కదిపింది.

"చీమలు కూడా వదిలేసినాయి మామ్మా."

"వాటికి ఫోను లేదు."

దానికి నవ్వొచ్చింది, ఆపుకుంది. కాగితాన్ని ఆకుతో సహా తీసుకెళ్ళి పొయ్యిలో పడేసి, చెయ్యి కడుక్కుని వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. ఒక ముద్ద కలిపిందో లేదో, పక్కన పెట్టుకున్న ఫోను గుర్రుమంది. ఎడమ చెయ్యి అటు పోయింది. నేను ఖాళీ గిన్నె తీసి ఫోను మీద బోర్లించాను. గిన్నె కింద అది మళ్ళీ గుర్రుమంది. పిల్ల గిన్నె వంక చూసుకుంటూనే ఒక్కో ముద్దా మింగి, పళ్ళెం ఖాళీ చేసింది.

"ఇంకాస్త పులుసు వెయ్యి మామ్మా."

మెచ్చుకోలేదు. అన్నం తిన్నందుకు మనిషిని మెచ్చుకోవాల్సిన కాలం వచ్చిందంటే నేను ఒప్పుకోను. ఇంకో గరిటె వేశాను. మర్నాడు క్యారేజీ కట్టి, చెప్పులు వేసుకుని దాని వెనకే బయల్దేరాను. బస్సు వచ్చేదాకా వంతెన మీద, ఆ పిల్లకూ కాలువకూ మధ్య నిలబడ్డాను.