ఒడిబియ్యంలో మోటారు

గద్వాలలో పదో తరగతి పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పే నాకు దేశాల పంతాలు కొత్త కాదు. మంచి కంప్యూటర్ చిప్పులు నీకివ్వనని అమెరికా చైనాతో అంటుంది. అయితే నా అయస్కాంతాలకు నా అనుమతి కావాల్సిందేనని చైనా అంటుంది. బయటి డ్రోన్లు వద్దు, ఇక్కడే చేసుకుందామని మన దేశం అంటుంది. ఇదంతా బోర్డు మీద బాణం గుర్తులు గీసి హుషారుగా చెబుతాను. అందులో ఒక బాణం మా చెల్లెలు సుజాత మీదికే వస్తుందని మాత్రం అనుకోలేదు.

సుజాతది వనపర్తి జిల్లా పెద్దమందడి. మహిళా సంఘం తరఫున శిక్షణ తీసుకుని డ్రోనుతో పొలాలకు మందు కొడుతుంది. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసింది. డ్రోను మోటారు ఒకటి కాలిపోయిందట. వరికి సుడిదోమ పట్టింది, వెంటనే మందు పడకపోతే పంట దక్కదు. ఆమె మాట నమ్మి సంఘంలో ఎవరూ కూలీలను మాట్లాడుకోలేదు, ఇప్పుడు పిలిచినా దొరకరు. చైనా నుంచి అయస్కాంతాలు వస్తేనే మోటారు అంటున్నాడు దుకాణం అతను. ఏదో ఒకటి బిగిద్దామంటే డ్రోనుకిచ్చిన సర్టిఫికెట్ చెల్లదు. తనతో శిక్షణ తీసుకున్న నాగర్‌కర్నూల్ వైపు పార్వతమ్మకూ అదే రకం డ్రోను ఉందని, అది వేపచెట్టుకు కొట్టుకుని చట్రం విరిగిందని, మోటార్లు బాగున్నాయని, అడగడానికి మొహమాటంగా ఉందని చెప్పి తోడు రమ్మంది. రెండో శనివారం సెలవు కలిసొచ్చింది. పని చెల్లెలిదే అయినా, ఊరు కదిలే అవకాశం దొరికినందుకు నేను మాత్రం సంబరపడిపోయాను.

శనివారం పొద్దున్న ఏడింటికి పెబ్బేరు మీదుగా వనపర్తి వెళ్లే బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టే కానీ ఆధార్ కార్డు చూపించాలి. నాది సంచిలో ఎంతకీ దొరక్క, చివరికి పార్వతమ్మ కోసం తీసుకున్న గద్వాల జాకెట్టు ముక్క మడతలోంచి బయటపడితే కండక్టరమ్మ పకపకా నవ్వింది. వనపర్తి బస్టాండులో సుజాత ఉడకబెట్టిన పల్లికాయలతో ఎదురుచూస్తోంది. అవి తింటూ నాగర్‌కర్నూల్ బస్సెక్కాం.

మా మాటలు విన్న ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగాడు. "అయస్కాంతం గూడ సరిహద్దు దాటి రావాల్నా బిడ్డా?" అన్నాడు. అడిగిందే చాలని పాఠం మొదలుపెట్టాను. ఆయన ఓపికగా విని, ఎగువ పొలంవాడు కాలువకు అడ్డం కట్టినట్టా అన్నాడు. అవునని, అందుకే కింది పొలంవాడు సొంత బావి తవ్వుకుంటున్నాడని చెప్పాను.

"తవ్వనీ. నీళ్లు పడేదాంక గీ పంటకు ఏం తాపుతరు?"

సుజాత నా వైపు చూసింది. నేను పల్లికాయల పొట్లం ఆయన ముందుకు చాపాను.

మధ్యాహ్నానికి నాగర్‌కర్నూల్ చేరి, ఆటోలో పార్వతమ్మ ఊరికి వెళ్లాం. జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి పెట్టింది. తిన్నంతసేపూ సుజాత మోటారు మాట ఎత్తలేదు. నేను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను. తీరా చూస్తే మేం ఎందుకొస్తున్నామో సంఘంవాళ్ల ద్వారా ముందే తెలిసి, పార్వతమ్మ పొద్దున్నే తన డ్రోను మోటారు విప్పి, తుడిచి, దేవుడి దగ్గర పెట్టిందట. చెల్లెలిని పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క ఇచ్చి, ఆడబిడ్డకు పుట్టింట్లో ఒడిబియ్యం పోసినట్టు కొంగులో పసుపు బియ్యం పోసి, వాటి మీద మోటారు పెట్టింది.

"రేపే నీ కొత్త చట్రం వస్తే ఎట్ల?" అంది సుజాత.

"వస్తె అప్పుడు సూద్దాం. ఒడిల పోసింది మల్ల అడుగుతరా ఎవరన్న?"

సుజాత కళ్లు నిండాయి. నేను తెచ్చిన గద్వాల జాకెట్టు ముక్క పార్వతమ్మ చేతిలో పెట్టాను.

ఒడిబియ్యాన్ని దారిలో విప్పకూడదు. బియ్యం, మోటారు ఒకే మూటగా చీకటిపడేలోగా పెద్దమందడి చేరాయి. మోటారును ఒక ప్లాస్టిక్ సంచిలో చుడదామన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఆదివారం పొద్దున్న సంఘం ఆడవాళ్లంతా గట్టు మీద నిలబడ్డారు. సుజాత మోటారు బిగించి మీట నొక్కింది. కరకరమని చప్పుడు చేసి ఆగిపోయింది. సుజాత ముఖం చూడలేకపోయాను.

"అక్కా, గిది గూడ పోయినట్టుంది," అంది మెల్లగా.

విప్పి చేతిలోకి తీసుకుని వంచింది. పసుపు బియ్యపు గింజలు రాలి మట్టిలో పడ్డాయి. గట్టు గట్టంతా నవ్వింది. సైకిలు పంపుతో గాలి కొట్టి మిగిలినవీ దులిపింది. ఈసారి డ్రోను తుమ్మెదలా రొద చేస్తూ లేచింది. మడి మీద మందు తుంపర తెల్లగా పరుచుకుంటుంటే నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

సాయంత్రం వనపర్తి రోడ్ స్టేషన్‌లో రైలెక్కాను. మీరూ ఆ దారిన వస్తే కిటికీ పక్కనే కూర్చోండి, గద్వాల ముందు కృష్ణమ్మ కనిపిస్తుంది. వంతెన మీద ఉండగా సుజాత ఫోన్ చేసింది. పొలాలన్నీ అయిపోయాయట. పార్వతమ్మ ఊళ్లో ఇంకా మందు పడలేదని, రేపు డ్రోనును ఆటోలో వేసుకుని వెళ్తున్నానని చెప్పింది.

"ఒడిల పోసింది మల్ల ఇయ్యొద్దు గని అక్కా, పోయి ఆమె పొలంల పనిజేయొద్దని ఎవరన్నరు?"

సోమవారం బోర్డు మీద మళ్లీ ఆ దేశాలన్నీ గీయాలి. ఈసారి నాగర్‌కర్నూల్ నుంచి పెద్దమందడికి ఒక బాణం, అక్కడి నుంచి తిరిగి నాగర్‌కర్నూల్‌కు ఇంకొకటి గీస్తాను.