తాడు కొస

సోంపేట బజారులో తాళ్ళ కొట్టు ముందు నుంచి నడిస్తే, తడిసిన కొబ్బరిపీచు వాసన ఇప్పటికీ నన్ను ఆపేస్తుంది. అందరూ తాడు పొడవు చూస్తారు, నేను కొస చూస్తాను. ఎందుకో చెబితే మా నాన్న పరువు పోతుంది. పోనీండి, చెబుతాను.

మాది వజ్రపుకొత్తూరు పక్కన సముద్రపు ఒడ్డు పల్లె. తొంభైల చివర్లో, వేసవి వచ్చిందంటే పులిసిన జీడిమామిడి పళ్ళ వాసనా, ఇసుకలో ఎండేసిన చేపల వాసనా కలిసి ఊరంతా కమ్ముకునేవి. పరికిణీలకు జీడిపండు మరకలు చేసుకుని, అమ్మల చేత తిట్లు తింటూ, మేం గంగమ్మ పండగ కోసం, అసలు మాటకొస్తే పండగనాటి నాటకం కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆ నాటకాలు రాసేది మా నాన్నే. పలాసలో జీడిపప్పు బట్టీ గుమస్తా ఆయన. పల్లెలో జరిగిన సంగతే రాసేవాడు, అసలు పేర్లే పెట్టేవాడు, సామాన్లు కూడా ఆ ఇంటివే అడిగి తెచ్చేవాడు. తమ వలో, చెంబో వేదిక ఎక్కితే ఆ ఇంటివాళ్ళకు అదొక గొప్ప.

ఆ ఏడు కామయ్య మావ కథ రాశాడు. అంతకు కొన్నేళ్ళ ముందు తుఫానులో తెప్ప తిరగబడితే, మావ తమ్ముణ్ణి తాడుతో తన నడుముకు కట్టుకున్నాడట. తాడు తెగి తమ్ముడు పోయాడు, మావ ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఆ తాడు మావ ఇంటి చూరుకు వేలాడేది. తెగిన కొసన పీచు రేగిపోయి ఉండేది. తమ్ముడి భార్య నూకాలత్త, మావే తాడు కోశాడేమోనని మనసులో అనుమానం పుట్టినప్పుడల్లా వచ్చి ఆ కొస తడిమి చూసుకుని వెళ్ళేది. మావకున్న సాక్ష్యం అదొక్కటే. నాన్న అడగ్గానే, తమ్ముడి పేరు నలుగురూ వింటారని మురిసిపోయి ఇచ్చేశాడు.

నాటకంలో కామయ్య వేషం కట్టినవాడు ప్రాణభయంతో కత్తి తీసి, మావ ఇచ్చిన ఆ తాడే కోసేశాడు. జనం గొల్లుమన్నారు. నాన్నకు శాలువా కప్పారు. నా పక్కన కూర్చున్న నూకాలత్త మాత్రం ఏడవలేదు. ఒడిలోని వేరుశనక్కాయలు నాకిచ్చి, లేచి వెళ్ళిపోయింది.

“ఆడు కొయ్యలేదని నీకు తెల్దేటి?” అని అమ్మ నిలదీసింది.

“తెలుసు. తెగిపోనాదంటే ఎవుడేడుత్తాడే? కోత్తేనే నాటకం,” అన్నాడు నాన్న, అన్నం కలుపుకుంటూ.

మర్నాడు పొద్దున వేదిక విప్పుతున్న చోట కామయ్య మావ వంగి ఇసుక గాలిస్తున్నాడు.

“ఏటి ఎతుకుతన్నావు మావా?”

“తాడు కొసమ్మా. నిన్న కోసీసిన ముక్క. నూకాలుకి సూపించాల.”

ఆయన చేతిలో మిగిలిన తాడుకి ఇప్పుడు నున్నటి కొస ఉంది, కత్తితో కోసిన కొస. నేనూ వెతికాను. దొరకలేదు. వారం తిరక్కుండా నూకాలత్త పిల్లల్ని తీసుకుని డొంకూరు, పుట్టింటికి వెళ్ళిపోయింది. తర్వాత మావను ఎవరూ తెప్ప మీదికి పిలవలేదు.

ఇప్పుడు తెప్పలు లేవు, పీచుతాళ్ళు పడవలెక్కడం లేదు, పండగకి నాటకమూ లేదు. నాన్నా పోయాడు, మావా పోయాడు. మొన్న ఊరికి వెళితే, పడవల నీడన ఆడుకుంటున్న ఒక పిల్ల తోటిపిల్లలకు, తమ్ముడి తాడు కోసేసిన కామయ్య కథ చెబుతోంది.

“కొయ్యలేదమ్మా, అదే తెగిపోయింది,” అన్నాను.

“మీకేటి తెలుసండీ? మా తాత కళ్ళారా సూసినాడంట,” అంది.

నిజమే, చూశాడు. మా నాన్న నాటకంలో.