మగ్గం ఊపిన రెండు ఉయ్యాలలు

మా చిన్నప్పుడు... ఒక పొద్దున మా ప్రవీణ్ మగ్గం గుంటలో పడ్డాడు.

ఏడుపు వినిపించలేదు. గుంటలోంచి టకటకమని చెక్కల చప్పుడు మాత్రం వచ్చింది. పరుగెత్తి చూస్తే వాడు అడుగున కూర్చుని, అమ్మ కాళ్లతో తొక్కే చెక్కల్ని హాయిగా గుద్దుతున్నాడు. నవీన్ తనూ వస్తానన్నట్టు గట్టు మీద నుంచి ఒక కాలు అప్పటికే లోపలికి వేలాడేశాడు.

వాళ్లిద్దరూ నా తమ్ముళ్లు, కవలలు. తెలంగాణ వచ్చిన మరుసటేడు పుట్టారు. నడక వచ్చి కొన్ని నెలలే... కానీ ఆ నడకకు అడ్డూ అదుపూ లేదు. ఒకడిని పట్టుకుంటే ఇంకొకడు జారుకునేవాడు. స్నానం చేసినవాడికే మళ్లీ చేయించి, రెండోవాడిని మురికితోనే పడుకోబెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

మాది ఆలేరు దగ్గర ఊరు, నేత నేసే ఇల్లు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు... ఒకటి పొద్దంతా బాపు కూర్చునేది, ఒకటి అమ్మది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. నేలలో గొయ్యి తవ్వి ఉంటుంది. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్లు ఆ గొయ్యిలో పెట్టి, అడుగున ఉన్న రెండు చెక్కల్ని మార్చి మార్చి తొక్కాలి. తమ్ముళ్లు నడక నేర్చినప్పటి నుంచి అమ్మ మగ్గం మీద చీర సగంలోనే ఆగిపోయింది.

ప్రవీణ్‌కు మోచెయ్యి గీరుకుంది, అంతే. కానీ అవ్వ హడలిపోయింది. అవ్వ అంటే బాపు తల్లి. ఇంట్లో ఆమె మాటే మాట.

"గీ గుంట పూడ్సుండ్రి. పోరగాండ్లు బతికి బట్టకడితె సాలు. మగ్గం యాడికి పోతది, తర్వాత సూస్కుందం," అంది.

తర్వాత అనేది ఉండదని అందరికీ తెలుసు. పూడ్చిన గుంటను మా వాడలో మళ్లీ తవ్వినవాళ్లు లేరు. ఆ ఇళ్ల ఆడవాళ్లు మొగుళ్ల మగ్గాలకు దారం కండెలు చుట్టుకుంటూ ఉండిపోయారు. మా అమ్మకేమో నేతంటే ప్రాణం. రంగు రంగు కలిసే చోట ఆమె ముఖం చూడాలి...

సాయంత్రానికి బాపు బండెడు ఎర్రమట్టి తెచ్చి వాకిట్లో పోయించాడు. అమ్మ ఆ కుప్పను చూసి వంట పనిలో పడింది. అన్నాలయ్యాక, "రేపొక్క పగలు ఆగుండ్రి," అంది. బాపు సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ పాత చీరలతో దూలానికి రెండు ఉయ్యాలలు కట్టి, ఇద్దరినీ పడుకోబెట్టింది. ఉయ్యాలలకు తాళ్లు కట్టి, ఆ తాళ్ల రెండో కొసల్ని నేతను దగ్గరికి కొట్టే పలకకు ముడేసింది. నేస్తుంటే ఉయ్యాలలు వాటంతటవే ఊగుతాయని ఆమె లెక్క. పలక మాత్రం జోరు మీద ఉంటుంది కదా... రెండు దెబ్బలకే ఉయ్యాలలు గుంజుకున్నాయి, ఇద్దరూ లేచి ఒకే శ్రుతిలో ఏడుపందుకున్నారు.

"నేను జెప్పలే?" అంది అవ్వ బయటి నుంచి. బాపు పార చేతిలోకి తీసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు. వంగి తన కాళ్ల వైపు చూసుకుంది. నిన్న ప్రవీణ్ గుద్దిన ఆ చెక్కల వైపు.

"బిడ్డా, గుంటలకు దిగు. నేను జెప్పిన కాడ కట్టు," అంది.

దిగాను. కుడికాలి చెక్కకు నవీన్ తాడు, ఎడమకాలి చెక్కకు ప్రవీణ్ తాడు కట్టాను. అమ్మ కుడికాలు తొక్కితే నవీన్ ఇటొచ్చాడు. ఎడమకాలు తొక్కితే ప్రవీణ్ వచ్చాడు. మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు... టక్కు, టక్కు. ఏడుపు సన్నబడింది. కాసేపటికి మగ్గం చప్పుడొక్కటే మిగిలింది.

ఇంత నిశ్శబ్దమేంటని అవ్వ లోపలికొచ్చింది.

"ఇద్దరు పండిర్రా?"

"పండిర్రు అత్తమ్మా. ఆపితె లేస్తరు," అంది అమ్మ తల తిప్పకుండా.

అప్పుడే దారం తెగింది. ముడేయాలంటే ఆపాలి. మగ్గం ఆగింది, ఉయ్యాలలు ఆగాయి, నవీన్ కాళ్లు కదిలించాడు. నేను గుంటలోంచి పైకి వచ్చేలోపే అవ్వ రెండు ఉయ్యాలల మధ్య నిలబడి, చెరో చేత్తో ఊపడం మొదలుపెట్టింది.

"నువ్వు దారం సూస్కో, నేనూపుత," అంది.

బయట బాపు పారను గోడకు ఆనించిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం.

తర్వాత బాపు పాత తలుపు కోసి గుంటకు మూత చేశాడు. అమ్మ లేస్తే మూత పడేది. వాకిట్లో మట్టికుప్ప తమ్ముళ్ల సొంతమైపోయింది. పొద్దంతా అందులో పొర్లి ఎర్రగా తిరిగేవాళ్లు, మగ్గం వైపే వచ్చేవాళ్లు కాదు. గుంట పూడ్చడానికి తెచ్చిన మట్టే మగ్గాన్ని కాపాడింది. చీర పూర్తయి మగ్గం దిగిన రోజు అవ్వ దాన్ని భుజాన వేసుకుని, "మా కోడలు ఇద్దర్ని ఊపుకుంట నేసింది," అని వాడంతా తిరిగింది. అడిగినవాళ్లకూ చెప్పింది, అడగనివాళ్లకూ చెప్పింది.

ఇప్పుడు పిల్లల్ని ఫోన్లు పడుకోబెడుతున్నాయి. మా వాడలో మగ్గాల చప్పుడు కూడా తగ్గిపోయింది... అమ్మది మాత్రం ఆగలేదు. మొన్న సెలవులకు వెళితే, నా భుజం దాకా వచ్చేసిన తమ్ముళ్లిద్దరూ ముందు గదిలో మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. అమ్మ నీళ్లు తాగడానికి లేచింది. చప్పుడు ఆగగానే ఇద్దరూ ఒకేసారి కళ్లు తెరిచారు.

"ఎందుకాపినవే అమ్మా?" అన్నాడు ప్రవీణ్, విసుగ్గా.

మీ ఇంట్లో మిమ్మల్ని నిద్రపుచ్చిన చప్పుడు ఏది? అది ఇంకా వినబడుతోందా?